సముద్రపు గద్ద గూటికి కాపలా: విశాఖలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీకం మొదలుకుని ఎండలు ముదిరేదాకా, వారానికి నాలుగైదు పొద్దుటి పూటలు మేం కొందరం విశాఖ తీరంలో ఒకచోట స్టాండు మీద స్కోపు (పక్షుల్ని చూసే దూరదర్శిని) పెట్టుకుని కొండవైపు చూస్తూ కూర్చుంటాం. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు, వలలు మోసుకెళ్ళేవాళ్ళు, బడికెళ్ళే పిల్లలు ఆగి అడుగుతారు: "బావూ, ఏటి సూస్తన్నారు?" ఒక జవాబు చెబితే దాని వెనకే పది ప్రశ్నలు వస్తాయి. వాటినే ఇక్కడ రాసిపెట్టాం. మాతో రావాలనుకునేవాళ్ళు ముందు ఇది చదివి రండి. అంత ఓపిక లేకపోతే గూడు ఎక్కడ, ఎంత దూరం అన్న రెండు ప్రశ్నలైనా చదవండి.

అసలు ఇది ఏ పక్షి?

తెల్లపొట్ట సముద్రపు గద్ద. శాస్త్రీయ నామంలో ఉన్న ల్యూకోగాస్టర్ అనే గ్రీకు మాటకీ తెల్లపొట్ట అనే అర్థం. తల, మెడ, పొట్ట తెల్లగా ఉంటాయి. వీపూ రెక్కల పైభాగమూ బూడిదరంగు. కింద నుంచి చూస్తే రెక్కలో ముందు భాగం తెలుపు, వెనక ఈకలు నలుపు. తోక పొట్టిగా, చివర కోసుగా ఉంటుంది. రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు రెండు మీటర్లు. ఆడది మగదానికన్నా పెద్దది, నాలుగు కిలోలు కూడా తూగుతుంది. గాలిలో తేలేటప్పుడు రెండు రెక్కలూ కాస్త పైకెత్తి పట్టుకుంటుంది. ఆ వాటం ఒకసారి కంటికి అలవాటైతే ఎంత ఎత్తులో ఉన్నా గుర్తుపట్టేయొచ్చు.

పేరు దగ్గర మాలో మాకే పేచీ ఉంది. "డేగ అనాలండీ, గద్ద అంటే చిన్నబుచ్చినట్టు ఉంటుంది" అంటారు మాలో ఒక మాస్టారు. నేవీ విమాన స్థావరం పేరే ఐఎన్ఎస్ డేగ అయిన ఊరిది, కాబట్టి ఆయన మాటకి బలం లేకపోలేదు. కానీ ఒడ్డున మాకు వినిపించేది గద్దే. మేం అదే వాడుతున్నాం.

గుడి మీద తిరిగే గరుడపక్షి ఇదేనా?

కాదు. మమ్మల్ని ఎక్కువమంది అడిగేది ఈ ప్రశ్నే. గరుడ దర్శనం అని మనవాళ్ళు చేతులు జోడించేది కృష్ణ గరుడకి. దాని తల, రొమ్ము మాత్రమే తెలుపు, మిగతా ఒళ్ళంతా ఇటుక రంగు. ఫిషింగ్ హార్బర్‌లో పడవలు వచ్చే వేళకి వెళితే నెత్తిమీద అవే తిరుగుతుంటాయి. సముద్రపు గద్ద పక్కన అది బాగా చిన్నది. ఊళ్ళో చెత్తకుప్పల మీద తిరిగే మామూలు గద్ద నల్లటి గోధుమరంగులో ఉండి, తోక చివర కొద్దిగా చీలి ఉంటుంది.

చలికాలంలో ఇంకో చిక్కు ఆస్ప్రే అనే చేపలు పట్టే గద్ద. అది వలస వచ్చి మేఘాద్రిగెడ్డ లాంటి జలాశయాల మీదా, తీరం వెంబడీ తిరుగుతుంది. దానికి కంటి మీదుగా ముదురు రంగు పట్టీ ఉంటుంది. వేట తీరు కూడా వేరు. ఆస్ప్రే కాళ్ళు ముందుకు చాపి నీళ్ళలోకి దూకుతుంది, ఒక్కోసారి మునిగి లేస్తుంది. మన గద్ద ఒళ్ళు తడవనివ్వకుండా నీటి పైపైనే గోళ్ళతో తన్నుకుపోతుంది.

అన్నిటికన్నా మోసం చేసేవి సముద్రపు గద్ద పిల్లలు. అవి ఒళ్ళంతా గోధుమరంగులో ఉంటాయి. పూర్తి తెలుపు, బూడిద రంగులు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. "పెద్ద గోధుమరంగు గద్ద కనపడింది, కొత్త జాతి" అని ఫోన్ వస్తే మేం ముందు అనుమానించేది దీన్నే.

గూడు ఎక్కడ ఉంది?

చెప్పం. కోపగించుకోకండి.

కొండ మీదా తోటలోనా, భీమిలి వైపా యారాడ వైపా అని కూడా చెప్పం. మాతో ఒక సీజన్ పాటు వచ్చి, నియమాలు పాటించినవాళ్ళకి తప్ప గూటి చెట్టు చూపించం. కొత్తవాళ్ళని గద్దలు వేటాడే చోటికి తీసుకెళతాం. చెప్పాలంటే అక్కడే పక్షి బాగా కనిపిస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మేమే ఒక తప్పు చేశాం. గూటిలో కూర్చున్న ఆడగద్ద ఫొటో ఒకటి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఊరి పేరు రాయలేదు, జాగ్రత్తగానే ఉన్నాం అనుకున్నాం. కానీ ఫొటోలో ఒక మూల నీళ్ళ ట్యాంకు పడింది. ఆ ట్యాంకుని పోల్చుకోవడానికి ఊరివాళ్ళకి ఎంతసేపు? మూడో రోజు ఆదివారం. పొద్దున ఏడుకల్లా చెట్టు కింద నాలుగు కార్లు, బారెడు లెన్సులు. ఒకాయన పక్షి లేచి ఎగిరితే ఫొటో బాగుంటుందని చప్పట్లు కొట్టాడు. అది లేచింది. గంటన్నర దాకా దిగలేదు. అప్పటికి గుడ్లు పెట్టి పది రోజులు. తర్వాతి వారం కాకులు గూటి అంచు మీద కూర్చుని ఉండటం చూశాం. ఆ ఏడు అక్కడ పిల్ల లేదు. చప్పట్లు కొట్టినవాడిని తిట్టుకున్నాం గానీ, దారి చూపించింది మేమే.

గూడు ఎప్పుడు కడుతుంది, పిల్ల ఎప్పుడు ఎగురుతుంది?

మన దేశంలో దీని సీజన్ ఇంచుమించు అక్టోబర్ నుంచి వేసవి మొదలుదాకా. ఒక్కో జంటకీ నెలా రెండు నెలలు అటూఇటూ అవుతుంది. మేం పండగలతో గుర్తుపెట్టుకుంటాం, ఎందుకంటే గద్దకి వచ్చే ఇబ్బందులు కూడా పండగల వెంటే వస్తాయి.

దసరా, దీపావళి రోజుల్లో పాత గూటికి మరమ్మతు. జంట ఎండుపుల్లలు తెచ్చి పేర్చుతుంది, లోపల పచ్చి ఆకులు పరుస్తుంది. పొద్దున్నే రెండూ ఒకదాని వెంట ఒకటి పెద్దబాతుల్లా అరుస్తాయి. ఆ అరుపు విన్నామంటే మా డ్యూటీ మొదలైనట్టే. ఈ దశలో పక్షికి మనసు ఇంకా కుదిరి ఉండదు, చిన్న అలజడికే ఆ చోటు వదిలేస్తుంది. టపాకాయల కన్నా మాకు టెన్షన్ పెట్టేవి ఆ తర్వాత వచ్చే కార్తీక వనభోజనాలు. ఉసిరిచెట్టు కింద అన్నం తినడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. డీజే బాక్సులు తెచ్చి తోటలో పెట్టడం మొదలయ్యాకే ఈ గొడవంతా.

తర్వాత గుడ్లు. మామూలుగా రెండు, మాసిన తెలుపు. దాదాపు ఆరు వారాలు పొదుగుతుంది. ఇద్దరూ పొదుగుతారు గానీ ఎక్కువ భారం ఆడదానిదే. సంక్రాంతికి చాలాసార్లు గూట్లో చిన్నపిల్ల ఉంటుంది, ఆకాశంలో గాలిపటాలుంటాయి. గాజుపొడి పూసిన మాంజా, చైనా మాంజా అనే నైలాన్ దారం కొమ్మలకి చుట్టుకుంటే నెలల తరబడి కుళ్ళదు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వీటిని నిషేధించింది. అయినా కనుమ మర్నాడు తోటల్లో తిరిగి దారాలు ఏరే పని మాకు తప్పడం లేదు. గూటి దరిదాపుల్లోకి మాత్రం అప్పుడూ వెళ్ళం.

పిల్ల పుట్టిన 70, 80 రోజులకి ఎగురుతుంది. అంటే శివరాత్రికి గూటి అంచున రెక్కలు కొట్టుకుంటూ సాధన చేస్తుంటే, ఉగాది అటూఇటూగా మొదటిసారి గాలిలోకి వస్తుంది.

ఎంత దూరంలో నిలబడాలి?

మా లెక్క: ఎప్పుడూ కనీసం 300 మీటర్లు. గూడు కట్టేటప్పుడు, పొదిగేటప్పుడు 500 మీటర్లు. ఇది అందరికీ వర్తించే శాస్త్రం అని చెప్పడం లేదు, మా చోటికి మేం పెట్టుకున్న గీత. మధ్యలో కొండ అంచో, సరుగుడు తోటో అడ్డు ఉంటే కొంచెం దగ్గరైనా పక్షి పట్టించుకోదు. ఎదురుగా బోసిగా ఉన్న ఇసుకలో నిలబడితే 500 మీటర్లు కూడా చాలకపోవచ్చు. గూటికన్నా ఎత్తు నుంచి చూడటం అస్సలు మంచిది కాదు. కింద నడిచే మనిషిని ఓర్చుకునే పక్షి, పైనుంచి తొంగిచూసే మనిషిని ఓర్చుకోదు.

పక్షి ఇబ్బంది పడుతోందని ఎలా తెలుస్తుంది?

కొత్తగా వచ్చినవాళ్ళకి మేం ముందు నేర్పేది ఇదే. పక్షి లేచి వెళ్ళిపోవడం ఆఖరి సూచన. అంతకుముందే చాలా చెబుతుంది.

మామూలుగా పొదిగే గద్ద సోమరిగా ఉంటుంది. కళ్ళు సగం మూస్తుంది, ముక్కుతో పుల్ల సర్దుతుంది, గుడ్లు తిప్పుతుంది. మీరు వచ్చాక తల నిటారుగా ఎత్తి మీవైపే చూస్తూ కదలకుండా ఉందంటే మీరు దానికి కనిపించారు. అప్పుడు ఆగాలి. ఒళ్ళు గూటిలోకి అణిచి, తల మాత్రం బయట పెడితే అది దాక్కుంటోంది, వెనక్కి రండి. నిలబడి అరిస్తే ఇంకా వెనక్కి. జతగద్ద వచ్చి మీ నెత్తిమీద గిరికీలు కొడితే ఆ రోజుకి సామాను సర్దుకుని ఇంటికి పోవడమే. పక్షి కూర్చునే ఉంది కదా, భయం లేదన్నమాట అని కొందరు అనుకుంటారు. గుడ్లు వదల్లేక కూర్చుంటుంది గానీ మనం నచ్చి కాదు.

లేచి వెళితే ఏమవుతుందంటే, మొదట కాకులు. గద్ద ఎంత పెద్దదైనా, అది లేని గూటికి కాకే రాజు. రెండోది ఎండ. జనవరి చలి అని మనం అనుకుంటాం గానీ, పదకొండు దాటాక మన తీరంలో ఎండ చురుక్కుమంటుంది. నీడ లేని గూటిలో కళ్ళు తెరిచీ తెరవని పిల్ల ఎంతోసేపు ఓర్చుకోలేదు. తల్లి రెక్క విప్పి గొడుగులా పట్టి గంటల తరబడి నిలబడటం మేం చూశాం. ఆ గొడుగుని ఒక ఫొటో కోసం ఎగరగొట్టేవాళ్ళని ఏమనాలో మీరే చెప్పండి.

కాపలా అంటే రోజూ ఏం చేస్తారు?

ఎక్కువ భాగం ఏమీ చెయ్యం. పొద్దున ఆరుంపావు నుంచి తొమ్మిదిదాకా ఒక జట్టు, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా ఇంకో జట్టు. ఒక్కో జట్టులో ఇద్దరే. ముగ్గురైతే కబుర్లు మొదలవుతాయి.

నోట్‌బుక్‌లో గంటలు రాస్తాం. ఎవరు పొదుగుతున్నారు, ఎప్పుడు మారారు, మగది ఏం తెచ్చింది, కాకులు ఎన్నిసార్లు వచ్చాయి, మనుషులు ఎవరైనా గూటివైపు నడిచారా. ఈ చివరి గడి మాకు అన్నిటికన్నా ముఖ్యం. గద్దకి కాపలా అవసరం లేదు, అది మనం చూసుకుంటేనే బతికే పక్షి కాదు. మేం కాసేది మనుషుల దారిని. తోటవైపు ఎవరైనా వెళుతుంటే ఎదురెళ్ళి పలకరిస్తాం, స్కోపులో చూపిస్తాం, ఇక్కడి నుంచే చూడమంటాం. పదిమందిలో తొమ్మిదిమంది వింటారు. పదోవాడితో గొడవ పడం, అటవీ శాఖ వాళ్ళకి ఫోన్ చేస్తాం.

ఏం సామాను కావాలి?

8x42 లేదా 10x42 (ఎనిమిదింతలో పదింతలో పెద్దగా చూపించే) బైనాక్యులర్ చాలు. స్కోపు మా దగ్గర ఉంది. తీరంలో గాలికి ట్రైపాడ్ ఊగుతుంది, దాని కింద ఇసుక సంచి వేలాడదీస్తాం. మట్టిరంగు బట్టలు, టోపీ, నీళ్ళు, ఏదైనా కూర్చునే పీట. తెల్లచొక్కా వద్దు. సంపాతిలా లంకదాకా చూసే కళ్ళు ఉన్నాయనుకునేవాళ్ళు కూడా బైనాక్యులర్ తెచ్చుకోండి.

ఫొటోలు తీసుకోవచ్చా? డ్రోన్ ఎగరేయొచ్చా?

వేటాడేటప్పుడు, ఎగిరేటప్పుడు హాయిగా తీసుకోండి. గూటి మీద గద్ద ఫొటో వద్దు. మా రికార్డుకి అవసరమైనవి ఒకరే తీస్తారు, అవి బయటికి పోవు. ఫోన్‌లో పక్షి అరుపులు పెట్టి పిలవడం, చేపముక్కలు విసిరి రప్పించడం, ఫ్లాష్ కొట్టడం కుదరవు.

డ్రోన్ సంగతికొస్తే, ఇది నౌకాదళం ఉన్న ఊరు. చాలా భాగం తీరంలో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేస్తే పోలీసు కేసు అవుతుంది. అది పక్కన పెట్టినా, గద్ద కంటికి డ్రోన్ అంటే గూటిమీదకి వచ్చిన ఇంకో గద్ద. పోట్లాటకి లేస్తుంది. రెక్క విరిగితే అతికించే షాపు లేదు.

గూడు ఉన్న చెట్టు ఎవరిదైనా తోటలో ఉంటే?

మన తీరంలో ఇది మామూలే. సరుగుడు తోటలు నాలుగైదేళ్ళకి కొట్టేస్తారు కాబట్టి వాటిలో గూడు మోసేంత చెట్టు అరుదు. గట్టు మీద వదిలేసిన పెద్ద మామిడో, రావిచెట్టో, తోట అంచున మిగిలిన ముసలి సరుగుడో ఎంచుకుంటుంది. గూడు మీటరుకి పైనే వెడల్పు ఉంటుంది, ఏటా పుల్లలు చేరి బరువెక్కుతుంది, లేత కొమ్మలు మోయలేవు.

అందుకే మా పనిలో సగం పక్షులతో కాదు, తోటల వాళ్ళతో. సెప్టెంబర్‌లోనే వెళ్ళి కూర్చుంటాం. చట్టం మాట ముందు ఎత్తం. "అమ్మా, మీ చెట్టుమీద ఫలానా పక్షి ఉంది, ఉగాదిదాకా ఆ ఒక్క చెట్టు జోలికి పోకుండా ఉంటారా" అని అడుగుతాం. ఒక జీడితోట పెద్దావిడ, "నానేటి సెయ్యను బావూ, నా మావ బతికున్నప్పట్నించీ అదక్కడే ఉంది" అన్నారు. ఆవిడ ముందు మేం పక్షుల గురించి పాఠం చెప్పబోయినందుకు సిగ్గేసింది. జీడిపిక్కలు ఏరే రోజుల్లో పిల్ల గూట్లోనే ఉంటుంది. ఆ చెట్టు చుట్టూ ఉన్న మొక్కల పిక్కలు మిట్టమధ్యాహ్నం కాకుండా, పొద్దున్నే త్వరగా ఏరి వెళ్ళిపోతామని ఆవిడే ఒప్పుకున్నారు. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, తేలుకుంచి ఊళ్ళవాళ్ళు వలస కొంగల్ని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారని వింటుంటాం కదా, మన దగ్గరా అలాంటివాళ్ళు ఉన్నారు.

చట్టం ఏమంటోంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ పక్షి షెడ్యూల్ 1లో ఉంది, పులి ఉన్న జాబితాలోనే. చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. ఆ చట్టం ప్రకారం వేట అంటే చంపడం, పట్టడం మాత్రమే కాదు. అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గుడ్లనో గూటినో కదిలించి అలజడి చేయడం కూడా వేటే. షెడ్యూల్ 1 జంతువు విషయంలో నేరం రుజువైతే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25,000 రూపాయల జరిమానా. చప్పట్లు కొట్టినాయనకి ఇవి తెలిసి ఉండవు.

ఏం తింటుంది? కోళ్ళని ఎత్తుకుపోతుందా?

ముఖ్యంగా చేపలు. సముద్రపు పాములు కూడా బాగా తింటుంది. గూటిలోకి పాము వేలాడుతూ రావడం చూసి కొత్తవాళ్ళు హడలిపోతారు. నీటిపక్షుల్ని, చిన్న తాబేళ్ళని పడుతుంది, ఒడ్డుకి కొట్టుకొచ్చిన కళేబరాలనీ వదలదు. జనవరి నుంచి మార్చిదాకా మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళలో కొన్ని చచ్చి ఒడ్డుకి చేరుతుంటాయి, వాటి దగ్గర కుక్కలతో, కాకులతో పాటు ఇదీ కనిపిస్తుంది. కోడిపిల్లల్ని తన్నుకుపోయేది చాలావరకు ఊళ్ళోని మామూలు గద్ద. నింద మాత్రం పెద్దదాని మీద పడుతుంది.

జాలర్లకి దీనివల్ల నష్టం లేదు. కానాగంత చేపల గుంపు పైకి తేలిన చోట గద్ద తిరిగితే అటు తెప్ప తిప్పేవాళ్ళం అని ఒక తాత మాతో అన్నాడు. ఇప్పుడు కుర్రాళ్ళు ఫోన్‌లో చూసి వెళుతున్నారట.

రెండు పిల్లల్లో ఒకటి చిక్కిపోతోంది. మీరేమీ చేయరా?

చేయం. దీనిమీద మాతో ఏడ్చినవాళ్ళున్నారు, మాని వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. మొదటి గుడ్డు పెట్టాక కొన్ని రోజులకి రెండోది పెడుతుంది, పొదగడం ముందే మొదలవుతుంది. అందుకని ఒకటి ముందు పుడుతుంది, తిండి దగ్గర అదే ముందుంటుంది. చేపలు బాగా దొరికిన ఏడు రెండూ ఎగురుతాయి. దొరకని ఏడు ఒకటే. మనం చెట్టెక్కి చిన్నదానికి తిండి పెడితే పెద్దవి గూడు వదిలేసే ప్రమాదం ఉంది. చూడలేకపోతే ఆ వారం డ్యూటీ మార్చుకోండి, ఎవరూ ఏమీ అనరు.

పిల్ల కింద పడితే?

ముందు దూరంగా నిలబడి చూడండి. ఎగరడం నేర్చుకునే పిల్ల ఒకట్రెండు రోజులు కింది కొమ్మల్లో, ఒక్కోసారి నేలమీద ఉంటుంది, తల్లిదండ్రులు అక్కడికే తిండి తెస్తాయి. ఒళ్ళంతా ఈకలు వచ్చి, నిలబడి మిమ్మల్ని గుర్రుగా చూస్తుంటే అది బాగానే ఉంది. కుక్కల్ని తరిమి, జనాన్ని ఆపి, అటవీ శాఖకి చెప్పండి.

నూగుతో ఉన్న పిల్ల అయినా, రెక్క వేలాడుతున్నా, రక్తం వస్తున్నా మాత్రం సాయం కావాలి. అప్పుడు కూడా ముందు ఫోన్. వాళ్ళు వచ్చేలోగా కుక్కో ఎండో చంపేసేలా ఉంటే తుండుగుడ్డ తలమీదుగా కప్పి, కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో పెట్టండి. భయపడాల్సింది ముక్కుకి కాదు, కాళ్ళ గోళ్ళకి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం, పాలు, బిస్కెట్లు పెట్టకండి. ఇంటికి తీసుకెళ్ళి పెంచడం నేరం. పెట్టె చీకట్లో, చప్పుడు లేని చోట ఉంచి, చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ మూత తెరవకుండా ఉంటే అదే పెద్ద సాయం.

తుపాను వస్తే గూళ్ళ సంగతి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మర్నాడు పొద్దున కంబాలకొండ, కైలాసగిరి ఆకు లేకుండా, కాలిపోయినట్టు గోధుమరంగులో కనిపించాయి. గూడు కట్టే నెల, తుపాన్ల నెల మనకి ఒకటే కావడం ఈ పక్షి దురదృష్టం. అదృష్టం ఏమిటంటే అప్పటికింకా చాలావాటికి గుడ్లు ఉండవు. చెట్టు పడిపోతే జంట దగ్గర్లో ఇంకోటి వెతుక్కుంటుంది. కొన్ని జంటలకి రెండో గూడు ముందే ఉంటుంది, ఏటా అదో ఇదో వాడతాయి. అందుకే ఖాళీగా ఉన్న పాత గూడు చూసి "వదిలేసింది, చెట్టు కొట్టేయొచ్చు" అనుకోకూడదు.

టవర్ మీద గూడు ఉంది, తీసేయొచ్చా?

గుడ్లో పిల్లలో ఉంటే తీయకూడదు. పెద్ద చెట్లు లేని చోట హైటెన్షన్ టవర్లు, సెల్ టవర్ల మీద కట్టడం జరుగుతుంది. నిర్వహణ పని అత్యవసరమైతే అటవీ శాఖతో మాట్లాడి చేయాలి, లేకపోతే పిల్ల ఎగిరాక.

ఈ-బర్డ్‌లో, ఐనాచురలిస్ట్‌లో రాయొచ్చా?

చూసిన పక్షుల్ని అందరూ నమోదు చేసే వెబ్‌సైట్లే కదా అవి, రాయండి, మేమూ రాస్తాం. గూడు దగ్గర చూసినదైతే పిల్ల ఎగిరిపోయాక ఎక్కించండి. ఐనాచురలిస్ట్‌లో స్థలాన్ని మసకగా చూపించే సెట్టింగ్ ఉంది, అది పెట్టండి. ఫొటోలో జీపీఎస్ వివరాలు దాగి ఉంటాయన్నది మర్చిపోవద్దు. ఫొటోలో నీళ్ళ ట్యాంకు ఉందేమో కూడా చూడండి.

ఇలాంటి పని ఇంకెక్కడైనా జరుగుతోందా?

మహారాష్ట్ర తీరంలో చిప్లూన్‌కి చెందిన సహ్యాద్రి నిసర్గ మిత్ర వాళ్ళు చాలా ఏళ్ళ కిందటే ఈ గద్దల గూళ్ళు వెతుకుతూ తీరమంతా తిరిగారు. ఆ తిరుగుడులోనే 2002లో వేళాస్ అనే ఊరి ఇసుకలో తాబేలు గుడ్ల పెంకులు చూసి, తాబేళ్ళ సంరక్షణ మొదలుపెట్టారు. ఇప్పుడు వేళాస్ అంటే అందరికీ తాబేళ్ళే గుర్తొస్తాయి, గద్ద సంగతి ఎవరికీ గుర్తులేదు. సిడ్నీలో ఒక గూటికి కెమెరా పెట్టి ప్రపంచమంతటికీ చూపిస్తున్నారు. అక్కడ సీజన్ మనకి తలకిందులు, జూన్‌లో మొదలవుతుంది. మనకి గూళ్ళు ఖాళీగా ఉండే ఆ నెలల్లో మాలో కొందరం అది చూస్తూ గడిపేస్తాం.

పిల్లల్ని తీసుకురావచ్చా?

ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళని, సాయంత్రం జట్టుతో. పెద్దవాళ్ళకన్నా నెమ్మదిగా ఉంటారు.

పిల్ల ఎగిరిపోయాక మీరేం చేస్తారు?

వెంటనే చెట్టు దగ్గరికి వెళ్ళం. ఎగిరిన తర్వాత కూడా నెలల తరబడి పిల్ల తల్లిదండ్రుల వెంటే తిరుగుతూ తిండి అడుగుతుంది, రాత్రికి ఒక్కోసారి గూటికే వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14దాకా మరపడవల వేటకి నిషేధం. ఆ రోజుల్లో సముద్రం మీద చప్పుడు తగ్గుతుంది, గోధుమరంగు పిల్ల అలల మీద తన్నడం, తప్పిపోవడం, మళ్ళీ తన్నడం ఒడ్డు నుంచి బాగా కనిపిస్తుంది.

జూన్ చివర, వాన పడ్డాక, ఇద్దరం వెళ్ళి చెట్టు కింద రాలినవి ఏరుతాం. చేపముళ్ళు, పాము వెన్నెముకలు, ఈకలు, ఒక్కోసారి నైలాన్ వల ముక్కలు. ఈకలు దాచుకోం, ఫొటో తీసి అక్కడే వదిలేస్తాం. మిగతావి సంచిలో వేసుకొచ్చి ఎవరో ఒకరి డాబా మీద ఆరబెట్టి, ఏది ఏ చేపదో కానాగంతల సంగతి చెప్పిన ఆ జాలరి తాతని పిలిచి అడుగుతాం. పోయినసారి ఆయన ఒక దవడ ఎముక తిప్పి తిప్పి చూసి, "ఇది మా వల్లోంచి పోయిందే" అని నవ్వాడు.